శేషాచలంగారి స్పీకర్లకు సంబంధం

శేషాచలంగారు నిచ్చెన కొనడానికి వెళ్ళి స్పీకర్లు తెచ్చారు.

నిచ్చెన కూడా తెచ్చారు, కానీ దాని సంగతి ఎవరూ పట్టించుకోలేదు. ట్రైలర్లో పడుకోబెట్టిన ఆ రెండు వస్తువులూ మనిషి ఎత్తున, బెత్తెడు మందాన, నల్లగుడ్డ తొడిగిన తలుపుల్లా ఉన్నాయి. ఆయన కూతురు భానుశ్రీ డ్రైవ్‌వేలో నిలబడి చూసింది. ఆ పిల్లకు తెలుగంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే వస్తుంది.

"డాడ్, వై డిడ్ యు బై డోర్స్?"

"తలుపులు కావమ్మా, స్పీకర్లు."

"దే ఆర్ లిటరల్లీ డోర్స్."

ఆ ఇంటి గరాజ్‌లో నేను అద్దెకుంటాను. మాస్టర్స్ చదవడానికొచ్చి, చదివేసి, ఇప్పుడు గోడౌన్లో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతున్నాను. ఈ స్పీకర్ల వ్యవహారంలో నాకూ కాస్త స్వార్థం ఉంది. అదేమిటో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

ముందు శేషాచలంగారి గురించి చెప్పాలి. కాకినాడ వైపు మనిషి. బ్రిస్బేన్ సిటీలో ఒక ఇన్సూరెన్సు కంపెనీలో కంప్యూటర్ల పని. మేముండే ఈ స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్ పేటలో ఆయనంటే గిట్టనివాళ్ళు లేరు. కారణం ఒక్కటే, ఆయనకు "వద్దు" అనే మాట నోట్లోంచి రాదు. తెలుగు సంఘం కుర్చీలు మోసేది ఆయన ట్రైలరే. ఎవరి అత్తగారు దిగినా ఎయిర్‌పోర్టులో అట్ట పట్టుకుని నిలబడేది ఆయనే. క్రిస్మస్ సెలవుల్లో ఆఫీసులో మిగిలిపోయేదీ ఆయనే. ఎవరో తలుపు తట్టి అడిగారని లాన్ బౌల్స్ క్లబ్బులో చేరారు, బంతి ముట్టుకున్న పాపాన పోలేదు. ఏజెంటు మొహమాటపెట్టాడని దక్షిణం గుమ్మం ఇల్లు కొని, ఆ తర్వాత వాస్తు కోసం ఏటేటా ఏదో ఒక గోడకు రంగు మారుస్తున్నారు. ఒకప్పుడు కాఫీలో చక్కెర వేసుకునేవారు కాదట. సంఘం అధ్యక్షుడి భార్య మంగతాయారుగారు ఒకసారి పొరపాటున చక్కెర వేసి ఇచ్చి, "బాగుందా అన్నయ్యగారూ?" అన్నారు. అప్పట్నుంచీ వేసుకుంటున్నారు.

అలాంటి మనిషి జీవితంలో ఎవరూ బలవంతపెట్టకుండా, తనంతట తాను కావాలనుకున్న వస్తువు ఆ స్పీకర్లు ఒక్కటే.

నిచ్చెన అమ్మింది ఇప్స్‌విచ్‌లో ఉండే గ్రాహం అనే ముసలాయన. ఇల్లు ఖాళీ చేసి కూతురి దగ్గరికి వెళ్ళిపోతున్నాడు. నిచ్చెన దింపుతుంటే హాల్లో ఏదో పాట వినిపించిందట. ఆ ముచ్చట శేషాచలంగారు నాకు గరాజ్ గుమ్మంలో నిలబడి, చేత్తో చూపిస్తూ చెప్పారు.

"పాట ఎత్తుకునే ముందు ఆ పాడే ఆవిడ ఊపిరి తీసుకుంది బాబూ. నేను వెనక్కి తిరిగి చూశాను, గదిలో ఇంకెవరైనా ఉన్నారేమోనని. ఇంగ్లీషు పాట, ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆ ఊపిరి మాత్రం..."

గ్రాహం నిజాయితీ గల మనిషి, ముందే హెచ్చరించాడు. ఇవి మొండి స్పీకర్లు. మామూలు స్పీకర్లు ఎనిమిది ఓమ్స్ దగ్గర మర్యాదగా కూర్చుంటే, ఇవి గొంతు పైస్థాయికి వెళ్ళేసరికి ఒకటిన్నరకు జారిపోతాయి. ఓమ్స్ ఎంత తగ్గితే అంత కరెంటు లాగుతాయి. అంత కరెంటు ఇవ్వలేని ఆంప్లిఫయర్ తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది. పెట్టె మీద ఎన్ని వాట్లని రాశారో చూసి మోసపోవద్దు, బరువెంతో చూడు, అన్నాడట. ఇప్పుడు తగిలించింది నాతో తీసుకెళ్తున్నాను, వీటికి సరిపోయే నా పాత ఆంప్లిఫయర్ ఇంకొకటి టువూంబలో మా అబ్బాయి షెడ్డులో పడుంది, ఫోన్ చేస్తే ఇచ్చేస్తాడు అని నంబరు కూడా ఇచ్చాడు.

అంటే స్పీకర్లు ఇంటికి రాకముందే, ఏ ఆంప్లిఫయర్ కావాలో, అది ఎక్కడుందో ఆయనకు తెలుసు. ఒక్క ఫోన్‌కాల్ చేస్తే ఈ కథ ఇక్కడితో అయిపోయేది.

శేషాచలంగారి భార్య శ్యామసుందరిగారిది అనకాపల్లి. ఇక్కడ ఒక మందులషాపులో ఫార్మసిస్టు. హాల్లో పొడుగాటి గోడ ఒక్కటే ఉంది, ఏటా దసరాకు ఆవిడ బొమ్మల కొలువు పెట్టేది అక్కడే. అమ్మమ్మ నాటి ఏటికొప్పాక లక్కబొమ్మలు, పెళ్ళి ఊరేగింపు మొత్తం, పల్లకీతో సహా ఆవిడ దగ్గరున్నాయి. ఇప్పుడు ఆ గోడకు ఈ రెండు నల్లతలుపులు ఆనుకుని నిలబడ్డాయి. ఇంట్లో ఉన్న చిన్న ఆంప్లిఫయర్‌కు తగిలిస్తే, అది రెండు మాటలు పాడి, టిక్కుమని ఆరిపోయింది.

"దసరా దాకా చూస్తాను" అన్నారావిడ. "అప్పటికి ఇవి పాడితే ఇక్కడే ఉంటాయి, నా కొలువు నేనెలాగో సర్దుకుంటాను. పాడకపోతే గరాజ్‌కి."

గరాజ్ అంటే నా గది. మంచం, బల్ల, పుస్తకాల అట్టపెట్టెలు పోగా నేను నడవడానికి మిగిలిన స్థలం ఎంతంటే, ఆ స్పీకర్లు రెండూ పట్టేంత. నా స్వార్థం అదీ. బ్రిస్బేన్‌లో ఆ స్పీకర్లు బాగా పాడాలని ఆయన తర్వాత అంతగా కోరుకున్నవాణ్ణి నేనే.

ఆయన ఫోన్ చేసేలోపు సంగతి తెలుగు సంఘానికి పొక్కింది. అధ్యక్షుడు వాసుదేవరావుగారు రంగంలోకి దిగారు.

"కొనడమేంటయ్యా శేషాచలం, నేను లేనూ? మా ఇంట్లో హోమ్ థియేటర్‌ది ఉంది, ఛానల్‌కి నూటయాభై వాట్లు! శనివారం సాయంత్రం పట్టుకొస్తాం."

"అలాగేనండి" అన్నారు శేషాచలంగారు.

మనవాళ్ళు దేన్ని ఎంచుకోవాలన్నా ఒకటే పద్ధతి, పెళ్ళిచూపులు. ఇల్లయినా, కారైనా, పిల్లల బడైనా, ఫలానావారిదేమిటి, వాళ్ళెంత పెట్టారు, ఎత్తెంత, జీతమెంత. రెండింటికీ పొసగుతుందా అన్నది చివర్న, అదీ గుర్తొస్తే. ఆ శనివారం వాసుదేవరావుగారు భార్యను, వియ్యంకుణ్ణి వెంటబెట్టుకుని, ఆంప్లిఫయర్‌ను శాలువాలో చుట్టి తెచ్చారు. శ్యామసుందరిగారు మిరపకాయ బజ్జీలు వేసి, కాఫీలు కలిపారు.

"వాట్లు చూడవయ్యా వాట్లు!" వాసుదేవరావుగారు వెనకవైపు అంటించిన కాగితం చదివి వినిపించారు. "తొమ్మిది ఛానళ్ళు. మా వాడు బెస్ట్ అని రివ్యూ చూసి కొన్నాడు."

"మనకు కావలసినవి రెండు చెవులే కదండీ" అన్నారు శ్యామసుందరిగారు ప్లేటు అందిస్తూ.

తగిలించారు. పాట మొదలైంది. వియ్యంకుడుగారు తలాడించారు. ఆమె గొంతు పైకి లేచిందో లేదో, టిక్కు. మళ్ళీ పెట్టారు. పైస్వరం రాగానే మళ్ళీ టిక్కు. చివరికి పైస్వరాలు లేని పాటలు ఏమున్నాయా అని అందరూ ఫోన్లు తీసి వెతికారు.

"స్పీకర్లు పాతవయ్యా, లోపం వాటిలోనే ఉంది" అని తీర్మానించారు వాసుదేవరావుగారు.

"అంతేనంటారా" అన్నారు శేషాచలంగారు, అది కాదని తెలిసీ.

"మా పెట్టెను ఓ వారం ఉంచి చూడు. మెల్లిగా అలవాటు పడతాయి."

"అలాగేనండి."

అది వారం కాదు, నెల ఉంది. వాసుదేవరావుగారిది వెనక్కి పంపితే ఏమనుకుంటారోనని ఈయన పంపలేదు. తన హోమ్ థియేటర్ లేక ఆయన ఇంట్లో సినిమాలు ఆగిపోయాయి గానీ, ఇచ్చింది తిరిగి అడిగితే చిన్నతనమని ఆయనా అడగలేదు. ఇద్దరి మర్యాదల మధ్యా ఆ పెట్టె మా హాల్లో దుమ్ము పట్టింది.

తర్వాత వచ్చినవాడు డాక్టర్ విష్ణువర్ధన్. ఆపరేషన్లకు ముందు మత్తిచ్చే డాక్టరు, హైదరాబాద్ మనిషి. తన వాల్వ్ ఆంప్లిఫయర్‌ను ఒళ్ళో పసిపిల్లలా పెట్టుకుని తెచ్చాడు. దాని మీద గాజుబుడ్లు దీపాల్లా వెలుగుతుంటే, ఈసారీ భర్తతో చూడ్డానికొచ్చిన మంగతాయారుగారు అప్రయత్నంగా దండం పెట్టబోయి చెయ్యి దించుకున్నారు.

"జర ఓపిక పట్టాలె సార్. వేడెక్కినంక చూడుండ్రి, పాట తేనె లెక్క కారుతది."

నిజంగానే కారింది. టిక్కుమనలేదు, ఆగిపోలేదు. కానీ ఆ మొండి ఓమ్స్ ముందు ఆ గాజుబుడ్లు పైస్వరాల్ని మెల్లగా వదిలేశాయి. తాళాలు వినిపించలేదు, ఊపిరి వినిపించలేదు. దుప్పటి కప్పుకుని పాడినట్టుంది. కాసేపటికి వాసుదేవరావుగారు సోఫాలో గురకపెట్టారు.

"వృత్తిధర్మం" అన్నారు శ్యామసుందరిగారు నాకు మాత్రం వినపడేట్టు.

"ఎట్లుంది సార్?" అన్నాడు డాక్టరు.

శేషాచలంగారి ముఖం చూశాను. బడిలో ఫెయిలైన పిల్లాణ్ణి బంధువుల ముందు పొగడాల్సి వచ్చిన తండ్రి ముఖం. "చాలా... వెచ్చగా ఉందండీ" అన్నారు. ఆ పెట్టె కూడా ఉండిపోయింది. దసరా దగ్గరపడుతోంది. శ్యామసుందరిగారు అటక మీంచి బొమ్మల పెట్టెలు దించారు.

ఇక నావల్ల కాలేదు. "అంకుల్, టువూంబకు ఫోన్ చెయ్యరేంది?"

"చెయ్యొచ్చు బాబూ. కానీ వాసుదేవరావుగారిది ఇక్కడుండగా బయటిది తెస్తే బాగుంటుందా? డాక్టరుగారు కూడా పాపం, అంతదూరం మోసుకొచ్చారు."

వంటింట్లోంచి శ్యామసుందరిగారు చెయ్యి తుడుచుకుంటూ వచ్చారు. "ఏదీ, ఆ నంబరు ఇలా ఇవ్వండి." అక్కడే నిలబడి డయల్ చేశారు. మందులషాపులో ముసలివాళ్ళతో మాట్లాడే ఓర్పుతో, రెండు నిమిషాల్లో మాట్లాడేశారు. "ఆదివారం రమ్మన్నాడు. చూశారా, ఎవరూ చచ్చిపోలేదు."

ఆదివారం నేనూ ఆయనా కొండెక్కి టువూంబ వెళ్ళాం. గ్రాహం కొడుకు ఆ ఆంప్లిఫయర్ మీద షెడ్డులో ఫుట్‌బాల్ కామెంటరీ వింటున్నాడు. రెండు పక్కలా వేడి పోయేందుకు పొడుగాటి ఇనుప రెక్కలు, పైన జల్లెడలాంటి మూత. బియ్యం బస్తాలు మోసిన నాకే నడుం పట్టేసింది. అతను తలుపు దాకా వచ్చి ఒకే ఒక్క జాగ్రత్త చెప్పాడు. ఇది ఊరకే ఉన్నా పొయ్యిలా కాలుతుంది, మా పిల్లి కూడా దీని మీద కూర్చోదు, పైన ఏమీ పెట్టొద్దు.

"అలాగే" అన్నారు శేషాచలంగారు.

ఇంటికి తెచ్చి రెండు స్పీకర్ల మధ్య నేలమీద పెట్టి తగిలించాం. ఎవర్నీ పిలవలేదు, బజ్జీలు వెయ్యలేదు. శ్యామసుందరిగారు పోపు గరిటె చేత్తో పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డారు. భానుశ్రీ ఫోన్ చూసుకుంటోంది.

ఆవిడెవరో ఊపిరి తీసుకుంది.

భానుశ్రీ తలెత్తింది. తర్వాత గొంతు వచ్చింది, నేరుగా రెండు తలుపుల మధ్య ఖాళీలోంచి, మనిషి నిలబడితే నోరు ఎక్కడుంటుందో అక్కణ్ణుంచి. పైకి వెళ్ళింది, ఇంకా పైకి వెళ్ళింది, టిక్కుమనలేదు. నేను ఏదో వెటకారం సిద్ధం చేసుకున్నాను, అది మర్చిపోయాను.

పాట అయిపోయాక శ్యామసుందరిగారు గుమ్మం దాటి హాల్లోకి వచ్చారు. గరిటె చల్లారిపోయింది. "ఎవరో మనింటికి వచ్చి వెళ్ళినట్టుంది" అన్నారు. తర్వాత, "సరే, ఉండనీండి. కొలువు ఆ మధ్యలో పడుతుందిలే."

శేషాచలంగారు గెలిచారు. నా గది నాకు మిగిలింది. పాత ఆంప్లిఫయర్లు రెండూ ఎవరి ఇళ్ళకు వాళ్ళకు ఆవిడే పంపించారు, చెరో డబ్బా సున్నుండలు తోడిచ్చి.

దసరా పేరంటం రోజు హాలంతా పట్టుచీరలు. స్పీకర్ల మధ్య మెట్లు కట్టి తెల్లగుడ్డ పరిచారు. దేవుళ్ళు, దొరలు, పండ్లమ్మే బొమ్మలు, మధ్యలో భానుశ్రీ చిన్నప్పటి కోలా, అన్నీ కుదిరాయి. స్థలం చాలక లక్కబొమ్మల పెళ్ళి ఊరేగింపు మాత్రం మిగిలిపోయింది. పల్లకీ పట్టుకుని శ్యామసుందరిగారు చుట్టూ చూస్తున్నారు.

"అదుగో వదినా" అన్నారు మంగతాయారుగారు, "ముందు ఆ ఇనప్పెట్టె ఉందిగా. పట్టుగుడ్డ వేస్తే కింది మెట్టులా ఎంచక్కా ఉంటుంది!"

శ్యామసుందరిగారు భర్త వైపు తిరిగారు. "ఏవండీ, దీనిమీద పెట్టొచ్చా?"

శేషాచలంగారు నోరు తెరిచారు. టువూంబ పిల్లి ఆయన కళ్ళలో స్పష్టంగా కనిపించింది. నేను వంటింటి గుమ్మంలో ఉన్నాను, నా నోట్లో పులిహోర ఉంది.

"ఎందుకు పెట్టకూడదు?" సోఫాలోంచి వాసుదేవరావుగారు. "ఇనుమమ్మా అది. ఏనుగెక్కినా ఏం కాదు. ఏమయ్యా?"

"అంతేనండి" అన్నారు శేషాచలంగారు. "పెట్టు."

ఎర్రటి పట్టుగుడ్డ పరిచారు. పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు, పల్లకీ, బోయీలు, సన్నాయివాళ్ళు, పురోహితుడు ఆ జల్లెడ మూత మీద వరసగా నిలబడ్డారు. అందరూ ఫోటోలు తీశారు. "మా ఆయన స్పీకర్లు వినాలి మీరు" అన్నారు శ్యామసుందరిగారు. ఆ మాట ఆవిడ నోట వినడానికి ఆయన ఇన్ని నెలలు ఎదురుచూసి ఉంటారు. పాట పెట్టారు. ఆడవాళ్ళు మాటలాపి విన్నారు. వాసుదేవరావుగారు కూడా నిద్రపోలేదు. "కొంచెం పెంచవయ్యా" అన్నారు. పెంచారు. మంగళహారతి పాట పెట్టమన్నారు. పెట్టారు. శేషాచలంగారు మాత్రం పాట వినడం లేదు, ఎర్రగుడ్డనే చూస్తున్నారు.

ముందు వాసన వచ్చింది. పోస్టాఫీసులో పార్సిలుకు లక్క ముద్ర వేసేటప్పుడు వచ్చే వాసన.

"అగరొత్తులు ఏ కంపెనీవి వదినా?" అన్నారు మంగతాయారుగారు.

టిక్కుమంది. పాట ఆగిపోయింది.

శ్యామసుందరిగారు గుడ్డ లేపారు. ఊరేగింపు మొత్తం గుడ్డతోబాటే లేచింది. బోయీల కాళ్ళు పట్టులో దిగిపోయాయి. సన్నాయిలు నేలచూపులు చూస్తున్నాయి. పెళ్ళికూతురు పెళ్ళికొడుకు భుజం మీదికి ఒరిగి అక్కడే అతుక్కుపోయింది. పురోహితుడు మాత్రం నడుం వంగి, దక్షిణ కోసం చెయ్యి చాపినట్టున్నాడు.

భానుశ్రీ వంగి చూసి, "ఓ మై గాడ్, దే ఆర్ హగ్గింగ్" అంది.

వాసుదేవరావుగారు గొంతు సవరించుకున్నారు. సంఘం మీటింగుల్లో తీర్మానం చదివే గొంతు. "చూడు శేషాచలం, ఇలాంటివి హాల్లో ఉండాల్సినవి కావయ్యా. ప్రమాదం. రేపే గరాజ్‌లో పడెయ్యి. చెల్లెమ్మకు గోడ ఖాళీ అవుతుంది. ఏమంటావ్?"

శేషాచలంగారు తన భార్య వైపు చూడలేదు. చూసి ఉంటే ఆవిడ తల అడ్డంగా ఊపడం కనిపించేది. నాకు కనిపించింది.

"అలాగేనండి" అన్నారు శేషాచలంగారు.

మర్నాడు పొద్దున ఆయన స్పీకర్ల తీగలు ఊడదీస్తుంటే శ్యామసుందరిగారు వచ్చి నిలబడ్డారు.

"నేను తీసెయ్యమన్నానా?"

"బొమ్మలు పాడయ్యాయి కదా శ్యామా..."

"బొమ్మలు పాడైంది వాటివల్లా? నిన్న నేనడిగింది మిమ్మల్ని, ఆయన్ని కాదు. ఒక్కసారి వద్దు అంటే స్టూలు తెచ్చుకునేదాన్ని."

"అందరి ముందూ సరేనన్నాను. మళ్ళీ ఆదివారం వాళ్ళొచ్చి చూస్తే..."

ఆవిడ ఆయన ముఖంలోకి కొంచెంసేపు చూశారు. "అయితే పట్టుకెళ్ళండి" అని లోపలికి వెళ్ళిపోయారు.

ఇద్దరం మోశాం. నా మంచాన్ని రోలర్ తలుపుకు ఆనించి, పుస్తకాల పెట్టెలు మంచం కిందికి తోసి, రెండు స్పీకర్లనీ నా కాళ్ళ దగ్గర అటూ ఇటూ నిలబెట్టాం. ఆంప్లిఫయర్‌ను నా చెప్పులుండే చోట పెట్టాం. ఎక్కడా ఏమీ చెడలేదు, చల్లారగానే బుద్ధిగా వెలిగింది. ఆయన నా మంచం అంచున కూర్చుని పాట పెట్టారు. ఆవిడెవరో నా గదిలో, నా మంచానికి మూడడుగుల దూరంలో, ఊపిరి తీసుకుంది.

ఇంట్లోకి వెళ్ళే తలుపు కొద్దిగా తెరుచుకుంది. ఎవరూ రాలేదు. మళ్ళీ మూసుకోనూ లేదు.

"సాయంత్రాలు ఆఫీసు నుంచి రాగానే ఓ గంట కూర్చుని వెళతాను" అన్నారు శేషాచలంగారు. "నీకు ఇబ్బంది ఉంటే మొహమాటపడకుండా చెప్పు బాబూ. ఏమైనా ఇబ్బందా?"

నా షిఫ్టు తెల్లారుజామున మొదలవుతుంది. ఆయన వచ్చే వేళకు నేను పడుకోవాలి. పైగా ఎండాకాలం వస్తోంది, ఈ గరాజ్‌లో ఏసీ లేదు. ఇవన్నీ వరసగా నా నాలుక చివరికి వచ్చి నిలబడ్డాయి. ఆయన ముఖం చూశాను.

"ఏం కాదు అంకుల్" అన్నాను.

కాళ్ళ దగ్గర ఇనుప రెక్కలు అప్పుడే వేడెక్కడం మొదలుపెట్టాయి.